పాలుకిచ్చిన దుంప

మా ఇంటి ఓనరు అప్పుడప్పుడూ మేడ మీదికి వస్తాడు. ట్యాంకు చూడటానికని చెబుతాడు గానీ, అద్దెకున్నవాళ్లు గోడలకి మేకులు ఏమన్నా కొట్టారేమోనని చూసిపోతాడు. మొన్న వచ్చినప్పుడు పిట్టగోడ వారనున్న మట్టి కుండీ దగ్గర ఆగాడు. అందులో మట్టి తప్ప ఏమీ లేదు. గడ్డిపోచ కూడా లేదు.

“ఖాళీ కుండీ ఎందుకు టీచరుగారూ, కింద పడేయిస్తాను,” అన్నాడు.

“ఖాళీ కాదండీ. అందులో మాచర్ల ఉంది,” అన్నాను.

ఆయన కుండీ వంక చూశాడు, నా వంక చూశాడు, మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఆయన భార్య మా ఆయనకి ఫోన్ చేసి, టీచరుగారికి ఒంట్లో బాగానే ఉంటోందా అని అడిగిందట.

నేను ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. ఇలాంటి మాటలు నాకు పుట్టుకతో రాలేదు. ఒక కండక్టరుగారి దగ్గర అంటుకున్నాయి.

నరసరావుపేట రాకముందు మేము వినుకొండలో ఉండేవాళ్లం. ఆయనది మా పక్కిల్లు. ఉద్యోగమంతా ఎర్రబస్సుల్లో చేసి అప్పటికే రిటైరయ్యాడు. వీధిలో సగం మందికి ఆయన పేరు తెలియదు, కండక్టరుగారు అంటే చాలు. నేను బాబాయ్ అనేదాన్ని. రిటైరయినా ఆయన కాళ్లకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్లు లేదు. కదలని నేల మీద కూడా కాళ్లు ఎడంగా పెట్టి నిలబడేవాడు. మాట్లాడుతున్నంతసేపూ ఎడమ చెయ్యి పైకెత్తి గాల్లో లేని కమ్మీని పట్టుకునేవాడు. ఆదివారం చర్చిలో ఆలస్యంగా వచ్చినవాళ్లు గుమ్మంలో గుంపుగా నిలబడితే, పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నా సరే, “లోపలికి జరగండి, మధ్యలో ఖాళీ ఉంది,” అనేవాడు. జనం జరిగేవాళ్లు. పాస్టరుగారు కూడా ఒకసారి జరిగారని చెప్పుకుంటారు.

ఆయన డాబా నిండా కుండీలే. ఏడాదిలో చాలా నెలలు ఆ కుండీల్లో మట్టి మాత్రమే కనిపించేది. మేము ఆ ఇంట్లో దిగిన కొత్తలో, పాపం ముసలాయన మొక్కలన్నీ చచ్చిపోయాయి, పారేయడానికి మనసొప్పక ఉంచుకున్నాడు అనుకున్నాను. ఒకరోజు మా బట్టలు ఆరేస్తూ, బకెట్లో మిగిలిన నీళ్లు జాలిపడి పిట్టగోడ మీదుగా ఒక కుండీలో పోశాను. కింద వరండాలో పేపరు చదువుకుంటున్న మనిషికి ఆ చప్పుడు ఎలా వినిపించిందో తెలియదు.

“పొయ్యమాక,” అని కేక వినిపించింది. తర్వాత మనిషి వచ్చాడు. కుండీని పక్కకి వంచి నీళ్లు ఒంపేశాడు.

“చచ్చిపోయింది కదా బాబాయ్, ఏమన్నా చిగురేస్తుందేమోనని,” అన్నాను.

“చావలా. నైట్ హాల్టులో ఉంది,” అన్నాడు. “దాని టయానికి అది బయల్దేరిద్ది. మధ్యలో లేపితే ఎటూ కాకుండా పోద్ది.”

మట్టిలో ఉన్నవి దుంపలు. పూసే దుంపలు. ఏడాదిలో కొన్నాళ్లు ఆకులేసి, పూసి, మిగతా కాలం పైన ఆనవాలు లేకుండా పడుకునే జాతి. వాటి అసలు పేర్లు ఆయనకు తెలియవు, తెలుసుకోవాలని కూడా ఉండేది కాదు. ఏ ఊళ్లో దొరికిన దానికి ఆ ఊరి పేరే. బంతిలా గుండ్రంగా, ఎర్రగా, కాడ మీద పువ్వు ఒక్కటే నిలబడేది ఈపూరు. తెల్లగా వేలాడుతూ తలుపు తీయగానే వాసనొచ్చేది గురజాల. వాన పడ్డ మర్నాడు మాత్రమే పూసి సాయంత్రానికి వాలిపోయే పసుపుపచ్చది కారంపూడి. డిపోలో పారేసిన పాత రూటు బోర్డు రేకుని కత్తిరించి ఒక్కో కుండీలో ఒక్కో ముక్క గుచ్చాడు. రేకు సరిపోక కొన్నింటికి ఊరి పేరు సగమే వచ్చింది. ఒక కుండీలో ‘వయా’ అని మాత్రమే ఉండేది. అదెక్కడిదని అడిగితే, దారిలోది అన్నాడు.

ఈ పిచ్చి ఎట్లా మొదలైందంటే, అదీ నైట్ హాల్టుల వల్లే. రాత్రి ఆఖరి బస్సు ఊరు చేరి అక్కడే ఆగేది. తెల్లవారి మొదటి ట్రిప్పుకి ముందు డ్రైవరు బస్సు తుడుచుకుంటుంటే ఈయన వేపపుల్ల నోట్లో పెట్టుకుని ఊళ్లో తిరిగేవాడు. ఎవరి దొడ్లో కొత్త పువ్వు కనిపించినా ఆగి, ఆ ఇంటి ఆడవాళ్లు లేచిందాకా గోడ పక్కన నిలబడేవాడు. అలా నిలబడినందుకు ఒకటి రెండు ఊళ్లలో తన్నులు తప్పించుకున్నాడని ఆయన భార్య చెప్పేది.

ఆ పిన్నికి పువ్వుల మీద ఒకటే అభిప్రాయం. “తల్లో పెట్టుకునేయి కాదు. దండ గుచ్చేయి కాదు. కూరొండుకునేయి అసలే కాదు. ఈయనగారి పూలన్నీ ఈయన లాంటియ్యే, నిలబడి చూట్టానికి తప్ప దేనికీ పనికిరావు,” అనేది. అంటూనే, ఆయన ఊరెళ్లినప్పుడు ఏ కుండీకి నీళ్లు పోయాలో దేనికి పోయకూడదో చూసేది కూడా ఆమే. అయితే పోయకూడని వాటికి కూడా కొంచెం పోసేది. దాహమేస్తుందేమోనని.

బాబాయ్ ఎవరికీ దుంప ఊరికే ఇచ్చేవాడు కాదు, అమ్మేవాడు అంతకన్నా కాదు. పాలుకిచ్చేవాడు. పాలంటే వాటా. మా వైపు మేకని పాలుకు తోలడం మామూలే. మేక ఒకరిది, మేపేది ఇంకొకరు. దానికి రెండు పిల్లలు పుడితే ఒకటి మేక సొంతదారుకి, ఒకటి మేపినవాళ్లకి. ఈయన ఆ పద్ధతినే దుంపలకి పెట్టాడు. తల్లి దుంప పక్కన పిలకలు వస్తాయి. రెండు పిలకలు రాగానే ఒకటి తెచ్చి ఇవ్వాలి, ఒకటి ఉంచుకోవచ్చు. తల్లి మాత్రం మేపినవాళ్ల దగ్గరే ఉండిపోవచ్చు, అంతవరకు ఆయన ఉదారుడే. నాకు ఈపూరుని పాలుకిచ్చినప్పుడు ఈ సంగతంతా చెప్పి, “కుదిరితే తీసుకో, లేకపోతే మొహమాటపడమాక,” అన్నాడు. అద్దె ఇంటి అగ్రిమెంటు చదివినప్పుడు కూడా నేను అంత శ్రద్ధగా వినలేదు.

ఆయన తిరిగిన దారుల పొడుగునా ఇలా పాలుకిచ్చిన దుంపలున్నాయి. బస్సు కిటికీలోంచి వాటిని చూసుకుంటూ ఉద్యోగం చేశాడు. ఆకు వాడితే ఆ ఇంటివాళ్లు బస్సెక్కినప్పుడు టిక్కెట్టుతో పాటు చీవాట్లు కూడా కొట్టి ఇచ్చేవాడు.

ఒక్క నూజెండ్ల ఆమెతో మాత్రం మాట్లాడేవాడు కాదు.

ఆమె రోడ్డు పక్కన ఇల్లున్న రైతు మనిషి. ఆమెకి పాలుకిచ్చింది మాచర్ల. ఆయన దుంపలన్నిటిలోకీ మొదటిది అదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మాచర్ల అవతల నాపరాళ్ల క్వారీ పక్కన ఉన్న క్వార్టర్ల దొడ్లో కనిపించిందట. తెల్లటి పువ్వు, అరచెయ్యంత, దాని మీద లోపలి నుంచి ఎర్రటి చారలు. తర్వాత ఆ క్వార్టర్లు పడగొట్టేశారు. కడియం నర్సరీలదాకా పోయి వెతికాడు, చారలున్నవి దొరికాయి గానీ అవి ఇది కాదన్నాడు. తేడా ఏమిటని అడిగితే, “కవల పిల్లల్ని తల్లి ఎట్టా గుర్తుపట్టిద్ది?” అన్నాడు.

ఆ మాచర్ల చచ్చిపోయిందని నూజెండ్ల ఆమె చెప్పింది. సరేనన్నాడు. మరుసటి ఎండాకాలం బస్సులో పోతుంటే ఆమె ప్రహరీ గోడ మీదుగా చారల పువ్వు తల బయటికి పెట్టి చూస్తోంది. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఆమె బస్సెక్కితే టిక్కెట్టు కొట్టి ఇచ్చేవాడు, ఆమె స్టేజీలో విజిలేసి దింపేవాడు. రిటైరయ్యేదాకా అంతే. ఆయన దగ్గర ఇంకో మాచర్ల ఉండబట్టి ఊరుకున్నాడు గానీ, ఆ మాట తలచుకున్నప్పుడల్లా, “బతికున్నదాన్ని చచ్చిందని చెప్పింది,” అని గాల్లో కమ్మీని గట్టిగా పట్టుకునేవాడు.

ఇక కోల్డ్ స్టోరేజీ సంగతి. దీనికి ఆయన్ని చూసి ఎవరన్నా నవ్వితే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే అప్పట్లో మేమెవరం నవ్వలేదు.

ఒక ఏడు ఎండలు మరీ దారుణంగా కాశాయి. డాబా మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేకపోయేవాళ్లం. పడుకున్న దుంపలు కుండీల్లోనే ఉడికిపోతాయని బాబాయ్‌కి బెంగ పట్టుకుంది. గొడుగులు కట్టాడు, తడి గోనెలు కప్పాడు, అన్నం తినడం తగ్గించాడు. చివరికి ఒకరోజు ముఖం వెలిగిపోతూ మా గుమ్మంలోకి వచ్చాడు.

“అమ్మాయ్, మన పల్నాట్లో ఎండకి తట్టుకోలేంది ఏదన్నా ఉంటే ఏడ పెడతాం?”

“ఎక్కడ?”

“కోల్డ్ స్టోరేజీలో. మిరపకాయలు పెడతన్నాం. చింతపండు పెడతన్నాం. శనగలు పెడతన్నాం. లోపలికి పొయ్యింది పొయ్యినట్టే ఎర్రగా బయటికొత్తంది. నా దుంపలేం పాపం చేసినయ్?”

ఇక్కడ పుట్టి పెరిగిన ఎవరికీ అందులో తప్పు కనిపించదు. పిన్నికి కనిపించలేదు, నాకు కనిపించలేదు, అంతా విన్న మా ఆయన, ఇంతకాలం ఎందుకు తట్టలేదు బాబాయ్ అన్నాడు కూడా. ఆయన మేనల్లుడు ఒకడు నరసరావుపేట దారిలో ఒక కోల్డ్ స్టోరేజీలో పనిచేసేవాడు. వాడు మిరపకాయ టిక్కీల, అంటే బస్తాల, మధ్య ఒక సంచికి చోటిస్తానన్నాడు. బాబాయ్ దుంపలన్నీ తవ్వి, పక్కవాళ్ల సరుక్కి మట్టి అంటితే మాట వస్తుందని శుభ్రంగా కడిగాడు. కడిగిన తడి ఆరకముందే, ఎండ తగులుతుందన్న భయంతో గోనెసంచిలో కట్టి, ఆటోలో పంపాడు. సంచికి ఒక రూటు బోర్డు ముక్క కట్టాడు.

మొదటి వాన పడ్డాక సంచి తిరిగొచ్చింది. వరండాలో చాప పరిచి పెళ్లి సారె విప్పినట్లు విప్పాం. ముందు మిరప ఘాటు కొట్టింది. ఆయన తుమ్మాడు, పిన్ని తుమ్మింది, నేను తుమ్మాను. కళ్లు తుడుచుకుని చూస్తే, దుంప అన్నది లేదు. ముగ్గిన అరటిపండు గట్టిగా నొక్కితే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి అన్నీ. ఈపూరు ఏదో గురజాల ఏదో తెలియలేదు. ఎండలో పుట్టిన దుంపలు, ఆ చలికి లోపల్నుంచి కుళ్లిపోయాయి. ఆయన ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని, వేళ్ల మధ్య జారిపోతుంటే మళ్లీ చాప మీద పెట్టాడు. చాపంతా అయ్యాక లేచి చేతులు కడుక్కున్నాడు. మిరప ఘాటుకి ముగ్గురి కళ్లూ కారుతూనే ఉన్నాయి. అందువల్ల ఎవరు ఏడ్చారో, ఎవరు ఏడవలేదో నేను చెప్పలేను.

కొన్నాళ్లు మనిషి డాబా ఎక్కలేదు. వరండాలో కూర్చుని పేపరు మడతపెట్టి చూస్తుండేవాడు. ఎడమ చెయ్యి కిందికే ఉండేది. అది నాకు చాలా కష్టంగా ఉండేది. నా ఈపూరుకి అప్పటికి రెండు పిలకలొచ్చాయి. ఒకటి తీసుకుపోయి ఆయన ఒళ్లో పెట్టాను. రెండోది కూడా పెట్టబోతే, “అది నీ పాలు. ఇయ్యమాక,” అన్నాడు. అయితే ఆ పిలకని తిప్పి తిప్పి చూశాక, లేచి చొక్కా వేసుకున్నాడు. పాలు వసూలుకి బయల్దేరాడు.

పాత దారుల వెంట బస్సుల్లో తిరిగాడు. ఒక ఊళ్లో దుంప తీసుకున్న పంతులమ్మకి బదిలీ అయిపోయింది, కుండీలో కొత్తిమీర ఉంది. ఇంకో ఊళ్లో మేకలు తిన్నాయన్నారు. ఒకామె దుంప ఎప్పుడో పోయిందని ఒప్పుకుని, ఉత్త చేతుల్తో పంపడం ఇష్టంలేక ఒక సొరకాయ ఇచ్చింది. ఆ సొరకాయ పిన్ని వండింది, ఆయన తినలేదు. మొత్తమ్మీద గురజాల దొరికింది, కారంపూడి దొరికింది, ‘వయా’ కూడా దొరికింది. మాచర్ల దొరకలేదు. అది నూజెండ్లలో ఒక్క చోటే ఉంది.

“ఆమె గడప తొక్కను,” అన్నాడు. కొన్ని రోజుల తర్వాత, “అమ్మాయ్, నీ స్కూటీలో పెట్రోలుందా?” అన్నాడు.

దారి పొడుగునా నా వెనక కూర్చుని, గేదెలు అడ్డమొస్తే “హోల్డాన్” అనీ, దాటాక “రైట్ రైట్” అనీ చెబుతూనే ఉన్నాడు. నూజెండ్లలో ఆమె ఇంటి ముందు మాత్రం నోటితో కాకుండా భుజం మీద తట్టి ఆపించాడు.

ఆమె వసారాలో కూర్చుని చాటలో కందులు చెరుగుతోంది. గట్టి మనిషి, తల నెరిసింది. చాట ఆపలేదు.

“ఏంది కండక్టరూ, దిగావు?”

“మంచినీళ్లకి.”

“వినుకొండలో నీళ్లు లేవా?”

“ఉన్నయ్. ఉప్పగా ఉన్నయ్.”

లేచి నీళ్లు తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. ఆయన తాగాడు. వానలు ఆలస్యమైన సంగతి ఇద్దరూ ఒప్పుకున్నారు. ప్రహరీ గోడ వారగా, మేం కూర్చున్న చోటికి ఎదురుగానే, మాచర్లలు బారుగా ఉన్నాయి. కత్తుల్లాంటి పచ్చటి ఆకులు. ఆయన వాటిని చూస్తున్నాడు. ఆయన చూడటాన్ని ఆమె చూస్తోంది.

“నీయి మొత్తం పొయ్యినయ్యంటగా,” అంది. “బస్సులో చెప్పుకుంటన్నారు. మిరపకాయల్లో పెట్టావంట.”

“పెట్టా.”

“పూల మొక్కని మిరపకాయల్లో ఎవురన్నా పెడతారా?”

“పెడితే ఏమైద్దో ఇప్పుడు తెలిసింది,” అన్నాడు. ఆకుల వైపు గడ్డం చూపించి, “నా మాచర్ల,” అన్నాడు.

“చచ్చిపోయిందని అప్పుడే చెప్పా గదా.”

“మరి అయ్యేంది?”

ఆమె తల తిప్పి, అప్పుడే చూసినట్లు చూసింది. “అయ్యా? చచ్చినదానికి పుట్టినయ్.”

“అట్టయినా సగం పాలు నాది.”

“మేక చచ్చిపోతే పాలేడుంటది?”

“మేక చస్తే తోలు తెచ్చి చూపియ్యాల. చూపిచ్చావా?”

ఆమె చాట పక్కన పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుని, ఈసారి ఆయన్ని కాకుండా నన్ను చూస్తూ చెప్పింది.

“ఒక్క పిలకే వచ్చిందమ్మా అప్పుడు. వచ్చిన ఏడే పూసింది. అంత పూవు నేనేడ చూశా? ఈయనొచ్చి ఎత్తకపోతాడని భయమేసి చచ్చిందన్నా. ఒకసారి చచ్చిందన్నాక, మళ్లీ బతికిందని ఏ మొహంతో చెప్పేది?”

“బస్సులోంచి చూశా నేను,” అన్నాడాయన. “ఏటేటా చూశా.”

“తెలుసు. నువ్వు చూస్తావనే గదా పెరట్లోది తెచ్చి గోడ పక్కన పెట్టింది.”

బాబాయ్ ఎడమ చెయ్యి పైకి లేచి, గాల్లో ఏదీ దొరకనట్లు, మళ్లీ కిందికి దిగింది. ఇన్నేళ్ల కోపానికి ఒక్కసారిగా పనిలేకుండా పోతే మనిషి ఎలా ఉంటాడో అప్పుడు చూశాను. ఏం చేయాలో తోచక ఖాళీ గ్లాసులోంచి మళ్లీ నీళ్లు తాగాడు.

ఆమె పలుగు తెచ్చి ఒక పెద్ద దుంపని వేళ్లు తెగకుండా తవ్వింది. ఆయన తువ్వాలు పరిచాడు. దుంపని దాని మీద పెట్టబోయి చేతిలోనే ఉంచుకుంది.

“ఊరికే కాదు. పాలుకి.”

“నా దుంపే నాకు పాలుకిస్తావా?”

“రెండు పిలకలొత్తే ఒకటి తెచ్చియ్యాల. కుదిరితే తీసుకో, లేకపోతే మొహమాటపడమాక.”

ఆ మాటలు ఎవరివో ముగ్గురికీ తెలుసు. ఆయన తువ్వాలు ఇంకొంచెం ముందుకి జరిపాడు.

తిరిగొచ్చేటప్పుడు హోల్డాన్లు రైట్లు ఏమీ లేవు. వినుకొండ కొండ కనిపించాక, “ఖరాఖండీగా ఉండాల్సిందే. అట్టా ఉంటేనే మొక్క బతికిద్ది,” అన్నాడు. ఇంటి ముందు దిగాక, “గోడ పక్కన పెట్టిందంట,” అన్నాడు. పిన్నికి జరిగిందంతా నేనే చెప్పాల్సి వచ్చింది.

మొదటి ఏడు మాచర్ల పూయలేదు. మరుసటి ఎండాకాలం మొదట్లో కాడ వేసింది. విచ్చుకున్న రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్టూలు దాని ముందు వేసుకుని, ఎండ నెత్తి మీదికొచ్చేదాకా కూర్చున్నాడు. పిన్ని టిఫిను పైకే తీసుకొచ్చింది. నేనూ చూశాను. ఎర్రటి చారలు లోపల చిక్కగా మొదలై, అంచుదాకా వచ్చేసరికి పలచబడి ఆగిపోయాయి. నాకు కడియంలో దొరికే వాటికీ దీనికీ తేడా తెలియలేదు, అయినా ఉందనే అనిపించింది.

నూజెండ్ల ఆమెకి కబురు చెయ్యాలి. ఆమె ఫోన్ నంబరు తీసుకోలేదు. బస్టాండుకి పోయి ఆ దారి బస్సు కండక్టరుకి, “ఆ గోడ దగ్గర ఆపి, పూసిందని చెప్పు,” అన్నాడు. సాయంత్రం ట్రిప్పులో జవాబొచ్చింది. “పిలకల సంగతేంది అని అడగమంది,” అన్నాడట ఆ కుర్రాడు.

అప్పట్నుంచి ఆయనకి అదే ధ్యాస అయింది. మిగతా కుండీలన్నీ మామూలుగా ఉన్నాయి, దీని దగ్గరే నిలబడేవాడు. ఆకులు ఎండి రాలిపోయాయి. నీళ్లు ఆపేశాడు. కుండీ ఖాళీగా కనిపించసాగింది. పిలకలు వచ్చాయో లేదో పైనుంచి తెలియదు. తవ్వి చూస్తే తెలుస్తుంది, కానీ పడుకున్నదాన్ని లేపకూడదు.

“రాకపోతే రాలేదని చెబుదాం బాబాయ్, దాందేముంది,” అన్నాను ఒకసారి.

“చెబితే నమ్మిద్దా?” అన్నాడు. “ఆమె చెప్పింది నేను నమ్మానా?”

ఆ చలికాలంలోనే ఒక తెల్లవారి, వరండాలో టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న మనిషి అలాగే పోయాడు. గ్లాసు ఒంపుకోకుండా పోయాడని పిన్ని అందరికీ చెప్పింది. మొదట్లో ఆమె ఏడవలేదు, ఆ గ్లాసు గురించే చెబుతూ ఉండిపోయింది. నాకు ఆయన లేని పిట్టగోడ వైపు చూడబుద్ధి కాలేదు.

మూడో రోజు ఇంటి దగ్గర, పోయినవాళ్ల ఇంటివాళ్లని ఓదార్చే ఆదరణ కూడిక పెట్టారు. షామియానా కింద వీధివాళ్లు, చర్చివాళ్లు, డిపోవాళ్లు నిండిపోయారు. ఆలస్యంగా వచ్చినవాళ్లు గుమ్మంలో ఆగిపోయారు, లోపలికి జరగమని చెప్పేవాళ్లు లేరు. ఆ గుమ్మంలోనే నూజెండ్ల ఆమె కనిపించింది. ప్రార్థన అయ్యేదాకా నిలబడే ఉంది. అందరూ టీలు తాగుతుంటే నా దగ్గరకొచ్చి, “డాబా ఎట్టా ఎక్కాలి?” అంది.

నేను వెంట వెళ్లాను. కుండీలన్నిటి మీదా ఒకసారి చూపు తిప్పింది. “నాదేది?” అంది. మాచర్ల అన్న రేకు ముక్క చూపించాను. ఆమె కింద చతికిలబడి, వేళ్లతో మెల్లగా మట్టి తీయడం మొదలుపెట్టింది. చావింట్లో ఇదేం పని అని నాకు కంపరంగానే అనిపించింది. ఆపుదామని నోరు తెరిచేలోగా వెనక మెట్ల మీద ఆయాసం వినిపించింది. పిన్ని వచ్చి నిలబడింది.

“ఎవరమ్మా నువ్వు?”

“నూజెండ్ల.”

పిన్ని కుండీలోని రేకు ముక్క వంక చూసింది. “చచ్చిపోయిందని చెప్పింది నువ్వేనా?”

“నేనే.”

పిన్ని వెళ్లి ఆయన స్టూలు మీద కూర్చుంది. ఆమె మట్టి తీస్తూనే ఉంది. ముందు తల్లి దుంప బయటపడింది. దాని పక్కన, చంటిపిల్ల పిడికిలంత, ఒక పిలక. మట్టి ఇంకొంచెం తీస్తే రెండో వైపు ఇంకొకటి.

“రెండొచ్చినయ్,” అంది నూజెండ్ల ఆమె.

“రెండొచ్చినయ్యా?” అంది పిన్ని. “ఆయనకి తెలవదు. రోజూ పొద్దున్నే తవ్వి చూద్దామా అనేవాడు. మళ్లా వద్దులేవే, నిద్ర చెడిద్ది అనేవాడు. తెలవకుండానే పొయ్యాడు.”

నూజెండ్ల ఆమె ఒక పిలకని విడదీసి, మట్టి దులిపి, తన కొంగులో ముడేసుకుంది. తల్లి దుంపనీ రెండో పిలకనీ ఉన్నచోటే పెట్టి మట్టి కప్పి చేత్తో అదిమింది. అప్పుడు లేచి పిన్ని ముందుకొచ్చింది.

“నా పాలు నాకు ముట్టిందమ్మా,” అంది. “మాట బాకీ పెట్టుకోని పొయ్యాడని ఎవురూ అనకూడదు. ఆయన్ని అనకూడదు.”

ఆమె ఎందుకొచ్చిందో నాకప్పుడు అర్థమైంది. ఆ చిన్న దుంప కోసం కాదు. ఆమె గోడ వారన అలాంటివి బారు ఉన్నాయి.

పిన్ని ఆమె చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. తర్వాత నా వైపు తిరిగి, “ఈ కుండీ నువ్వు తీసకపో అమ్మాయ్,” అంది. “నీళ్లు పొయ్యకుండా ఉండటం నాకు చేతకాదు.”

ముగ్గురం కళ్లు తుడుచుకున్నాం. ఆ రోజు డాబా మీద మిరపకాయన్నది ఒక్కటి కూడా లేదు.